గ్రహణమొర్రియు చర్మరేఖలును: ఒక సమీక్ష

మాతృగర్భమునందు ఒక్కసారి ఏర్పడి, పుట్టుక మొదలు మరణపర్యంతము రూపు మారక నిలుచు శరీరచిహ్నములలో వేలికొనలమీదను, అరచేతులయందును, అరికాళ్ళయందును కానవచ్చు సన్నని చర్మరేఖలు ముఖ్యమైనవి. ఆ గర్భమునందే, రమారమి ఆ కాలముననే, ముఖముయొక్క వివిధ భాగములు ఒకదానితో నొకటి కలిసికొని పైపెదవిగను అంగిలిగను రూపొందును; ఆ కలయిక యెక్కడనైన తప్పినచో, మనవారు గ్రహణమొర్రి యని పిలుచు చీలికతో శిశువు జన్మించును. ఒకే పిండమునందు ఇంచుమించుగ ఒకే కాలమున జరుగు ఈ రెండు నిర్మాణములకును పరస్పరసంబంధ మేమైన కలదా, ముఖమునందలి లోపము చేతిరేఖలయందు జాడ విడుచునా యను ప్రశ్న గడచిన అరువదేండ్లుగా వైద్యులను, మానవశాస్త్రజ్ఞులను, జన్యుశాస్త్రవేత్తలను ఆకర్షించుచున్నది. లభించిన సమాధానములు పెక్కులు. వానిలో పరస్పరవిరుద్ధములైనవియు పెక్కులే. వానినన్నింటిని ఒకచోట జేర్చి, నిలువదగిన దేదియో, త్రోసిపుచ్చదగిన దేదియో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

వేలిముద్రల చరిత్ర మన దేశమునకు పరాయిది గాదు. 1823లో బ్రెస్లా నగరమున యాన్ పుర్కిన్యే అను పండితుడు వేలికొనలయందలి రేఖలను తొమ్మిది రూపములుగ వర్గీకరించెను. 1858లో వంగదేశమునందలి జంగీపురమున విలియం హెర్షెల్ అను ఆంగ్లాధికారి ఒక గుత్తదారుని ఒడంబడికపత్రముపై అతని అరచేతిముద్రను వేయించెను. 1892లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఆ రూపములను మూడుగ సంగ్రహించి గ్రంథము వెలువరించెను. 1897లో కలకత్తాయందు వేలిముద్రల కార్యాలయము వెలసినపుడు, ఎడ్వర్డ్ హెన్రీ పేరిట లోకమంతట వ్యాపించిన వర్గీకరణపద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను వంగీయులిరువురు ప్రధానముగ పాటుపడిరి. అయితే ఇదంతయు మనిషిని గుర్తుపట్టుటకు చేసిన కృషి. రేఖలు మనిషి పుట్టుకను గూర్చి యేమి చెప్పగలవను విచారణ 1924లో నార్వే దేశపు విదుషీమణి క్రిస్టీన్ బొన్నెవీ పరిశోధనలతో బలపడి, 1926లో హెరాల్డ్ కమిన్స్, చార్లెస్ మిడ్లో అను అమెరికా శరీరశాస్త్రజ్ఞులు దానికి డెర్మటోగ్లిఫిక్స్ అని పేరిడుటతో ప్రత్యేకశాస్త్రమయ్యెను. డౌన్ లక్షణసముదాయముతో పుట్టిన పిల్లల అరచేతులయందు రేఖావిన్యాసము విలక్షణముగ నుండునని 1936లో కమిన్స్ చూపినది మొదలు, పుట్టుకతో వచ్చు ప్రతి లోపమునకును చేతిలో నొక గురుతు వెదకవలెనను ఉత్సాహము వైద్యలోకమున రేకెత్తినది. గ్రహణమొర్రిని గూర్చిన పరిశోధనలును ఆ ఉత్సాహమునుండి పుట్టినవే.

ఈ పరిశోధకులు కొలుచున దేమో ముందుగ తెలిసికొనవలెను. మన యిండ్లలో పెద్దలు పిల్లల వ్రేళ్ళు పట్టి చక్రములెన్ని, శంఖములెన్ని యని లెక్కించు వాడుక కలదు గదా. శాస్త్రజ్ఞులు చేయు మొదటి పనియు అట్టిదే. రేఖ యనగా నిజమునకు సన్నని గట్టు. దాని శిఖరముపొడుగునను చెమటరంధ్రములు వరుసగ తెరచుకొని యుండును. ఈ గట్లు వేలికొనపై ఒక ప్రక్కనుండి వచ్చి కొంచెము పైకి లేచి రెండవ ప్రక్కకు సాగిపోయినచో అది కమాను. వచ్చిన ప్రక్కకే మరలినచో ఉచ్చు. చుట్టుకొని నిలిచినచో సుడి. పోలీసుశాఖవారు ఆర్చి, లూపు, వర్ల్ అని వ్యవహరించునవి ఇవియే. ఉచ్చు చిటికెనవ్రేలి వైపు తెరచుకొనుట మిక్కిలి సాధారణము. బొటనవ్రేలి వైపు తెరచుకొనుట అరుదు. మూడు దిక్కులనుండి వచ్చు గట్లు కలిసికొను స్థానము త్రిరేఖాసంధి. ఆ సంధినుండి రూపముయొక్క నడిమిబిందువు వరకు గీచిన సరళరేఖ ఎన్ని గట్లను దాటునో ఆ సంఖ్యలను పది వ్రేళ్ళకును కూడగా వచ్చునది సమస్తరేఖాసంఖ్య. అరచేతియందు చూపుడువ్రేలి మొదట ఏ యనియు, చిటికెనవ్రేలి మొదట డీ యనియు, మణికట్టునకు చేరువను టీ యనియు గుర్తించు సంధులను కలిపినపుడు ఏర్పడు ఏ-టీ-డీ కోణము, లండనులోని లయొనెల్ పెన్రోజ్ పరిశోధనలవలన ప్రసిద్ధి కెక్కినది. వయోజనులయందు అది సామాన్యముగ 45 డిగ్రీలకు అటునిటుగ నుండును.

ముద్ర తీయుట చూచుటకు సులభమే గాని, చంటిబిడ్డల విషయమున అది ఓర్పుతో కూడిన పని. గాజుపలకమీద అచ్చుసిరా చుక్క వేసి రబ్బరు రోలరుతో పలుచగ పరచి, దానిని అరచేతికి పూసి, కాగితముపై నొక్కవలెను. పసివారు పిడికిలి విప్పరు. విప్పినను చర్మము మెత్తన యగుటచే సిరా గట్లనడుమ కాలువలలోనికి దిగి ముద్ర మసకబారును. అరచేతి నడిమిపల్లము కాగితమునకు తగులదు గావున, కాగితముక్రింద దూదిమెత్త నుంచి పైకి ఒత్తవలెను. వ్రేళ్ళను ఎక్కువగ చాచినచో ఏ-టీ-డీ కోణము విస్తరించును. ఇట్టి చిన్న విషయములయందలి యజాగ్రత్త కొలతలను తారుమారు చేయగలదు.

ఇక గర్భమునందలి కాలక్రమము. ఆరేడు వారముల ప్రాయమున పిండముయొక్క అరచేతిలోను, ఆ తరువాత వేలికొనలమీదను మెత్తలవలె కణజాలము ఉబ్బుకొనివచ్చును. పదవ పదునొకండవ వారముల ప్రాంతమున ఆ మెత్తలు అణగుట మొదలిడును. సరిగ అప్పుడే చర్మపు లోపొరలో తొలి గట్లు పుట్టి, రమారమి పదునేడవ వారమునాటికి వాని విన్యాసము స్థిరపడును. అరచేతి గట్లు వేలికొనల గట్లకన్న కొంచెము వెనుకగ ఏర్పడును. మెరకభూమిని దున్నునపుడు నాగటిచాళ్ళు మెరక వంపును బట్టి మలుపు తిరిగినట్లు, మెత్త ఎత్తుగ నున్నపుడు గట్లు పుట్టినచో సుడియు, చదునై పోయిన పిమ్మట పుట్టినచో కమానును, ఒక ప్రక్కకు ఒరిగి యుండగ పుట్టినచో ఉచ్చును ఏర్పడును. కావున వేలిముద్ర యనునది మెత్త ఎత్తునకును, గట్లు పుట్టిన వేళకును సాక్ష్యము. ఇందు వంశానుగతి బలీయము: సారా హోల్ట్ లెక్కల ప్రకారము సమస్తరేఖాసంఖ్యయందు ఏకాండ కవలల పరస్పరానుబంధము 0.95, తల్లిదండ్రులకును బిడ్డలకును నడుమ అది 0.48.

ముఖనిర్మాణము దీనికన్న ముందుగ జరుగును. నాలుగవ వారమున ఆదిమముఖరంధ్రము చుట్టును ఐదు అంకురములు లేచును: నుదుటివైపున నొకటి, పైదవడల జంట, క్రిందిదవడల జంట. ఏడవ వారము ముగియులోపల పైపెదవి అతుకుకొనును. అంగిలి పలకలు రెండును నాలుకకు ఇరుప్రక్కల నిలువుగ వ్రేలాడుచుండి, ఎనిమిదవ వారము ప్రాంతమున పైకి లేచి అడ్డముగ వాలి, పండ్రెండవ వారమునాటికి నడిమిగీటువెంట కలిసిపోవును. పెదవి చీలికయు, దానితోకూడిన అంగిలి చీలికయు ఒక జాతియనియు, అంగిలి చీలిక యొక్కటే యున్నచో అది వేరుజాతి యనియు 1942లో డెన్మార్కు వైద్యుడు పౌల్ ఫోగ్ ఆండర్సన్ కుటుంబచరిత్రల నాధారముగ నిరూపించెను. మొదటిది మగబిడ్డలయందును, ఎడమప్రక్కనను ఎక్కువ. రెండవది ఆడుబిడ్డలయందు ఎక్కువ. ప్రపంచమున సుమారు ఏడువందల జననముల కొక్కటి చొప్పున ఈ లోపములు కనబడుచున్నవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందు జరిపి 2010లో ప్రకటించిన యొక పరిశీలనలో వేయి సజీవజననములకు 1.09 చొప్పున తేలినది. ఇది స్వల్పసంఖ్య గాదు.

ఈ రెండు కాలక్రమములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినపుడు, పరిశోధకులలో పలువురు దాటవేసిన చిక్కు ఒకటి బయటపడును. పెదవి ఏడవ వారమునాటికే మూయబడవలెను. గట్లు పదవ వారము గడచిన పిమ్మట గాని మొలకెత్తవు. ఆరవ వారమున తల్లికి సోకిన జ్వరమో, సేవించిన యౌషధమో పెదవిని చెరచి వెంటనే తొలగిపోయిన యెడల, అది నెలదినముల తరువాత పుట్టబోవు గట్లను తిన్నగ తాకజాలదు. అప్పుడే తల యెత్తుచున్న మెత్తలద్వారా మాత్రము పరోక్షముగ తాకవచ్చును. కాబట్టి ముఖమును చేయియు రెండును ఒకే శిశువునందు తొట్రుపడినవనగా, క్షణికమైన యాఘాతముకన్న, పిండముతోడనే యుండి వారముల తరబడి పనిచేయు కారణమును వెదకుట న్యాయము. ఈ తర్కమును మనసున నుంచుకొని పరిశోధనలను చూతము.

వానిని రెండు తెగలుగ విభజింపవలెను. చీలిక ఇతరలోపములతో కలిసి ఒక లక్షణసముదాయములో భాగముగ వచ్చు సందర్భములు మొదటి తెగ. ఇక్కడ సంబంధము నిస్సందేహము. 1960లో క్లాస్ పటావు వర్ణించిన పదుమూడవ క్రోమోజోము త్రికమునందు పెదవి, అంగిలి చీలికలు తరచుగ నుండును. ఆ శిశువుల అరచేతిలో టీ సంధి మణికట్టు చెంతనుండక నడిమి వైపునకు జరిగిపోవుటచే ఏ-టీ-డీ కోణము మిక్కిలి విస్తరించును. అట్లే పీ63 అను జన్యువునందు మార్పు వచ్చిన కొన్ని వంశములలో చీలికయు, వెండ్రుకలయొక్కయు పండ్లయొక్కయు చెమటగ్రంథులయొక్కయు లోపములును కలిసివచ్చుటయే గాక, కొందరి వేలికొనల గట్లు సన్నగిల్లియు నుండును. ఆ జన్యువు పైచర్మమునకంతకును మూలాధారము. పెదవి అంచులు కలియుటకును, గట్లు నిలుచుటకును చర్మపు పొరయే రంగస్థలము గావున ఒక్క లోపము రెండుచోట్ల ఫలించుట వింత గాదు.

రెండవ తెగ, చీలిక తప్ప వేరొక లోపము లేని శిశువులు. చీలికతో పుట్టువారిలో అధికసంఖ్యాకులు వీరే. వివాదమంతయు వీరిని గూర్చియే. వీరి వ్రేళ్ళపై ఏ రూపము ఎక్కువ, ఏది తక్కువ యని లెక్కించిన పరిశోధనలు మన దేశమునందును విదేశములందును పెక్కు గలవు. 2005లో మంగళూరునుండి వెలువడిన యొక పరిశీలన, చీలిక గల పిల్లలయందు చిటికెనవ్రేలి వైపు తెరచుకొను ఉచ్చులును, ఏ-టీ-డీ కోణమును, ఆ కోణమున కుడియెడమల వ్యత్యాసమును అధికముగ నున్నవని చెప్పినది. అదే సంవత్సరమున పిట్స్‌బర్గ్ పరిశోధకులు చైనా, ఫిలిప్పీన్స్ దేశములలోని రోగుల ముద్రలను, వారి యారోగ్యవంతులైన బంధువుల ముద్రలతో పోల్చి ప్రకటించిరి. ఈ లెక్కలన్నియు ఒకచోట జేర్చిచూచిన, ఎల్ల జాతులకును వర్తించు ఒక్క రూపము, గ్రహణమొర్రికి ముద్ర యనదగిన ఒక్క చిహ్నము, బయటపడుట లేదు.

ఈ వైరుధ్యమునకు కారణములు రేఖలయందుకన్న లెక్కించు విధానమునందే ఎక్కువగ నున్నవి. రూపముల నిష్పత్తి జాతిని బట్టి మారును. తూర్పు ఆసియావాసులయందు సుడులు హెచ్చు. ఆసుపత్రికి వచ్చిన రోగుల నొక సంఘమునుండియు, పోల్చుటకు తీసికొన్నవారిని వేరొక సంఘమునుండియు గ్రహించినచో, తేలు భేదము జాతిభేదమే యగును గాని వ్యాధిభేదము గాదు. స్త్రీలకు కమానులు కొంత యెక్కువ, రేఖాసంఖ్య కొంత తక్కువ. పెదవి చీలిక మగవారియందు అధికము గావున లింగమును సరిచూడని లెక్క తప్పుదారి పట్టించును. అరచేయి పొడుగు సాగినకొలది ఏ-టీ-డీ కోణము తగ్గును. ఐదేండ్ల రోగిని పదునైదేండ్ల బడిపిల్లవానితో పోల్చినచో కోణము పెరిగినట్లు కనబడక తప్పదు. వీటన్నింటికన్న పెద్ద దోషమొకటి గలదు. ఒక వ్యక్తి పది వ్రేళ్ళును ఒకే వంశమున, ఒకే గర్భమున రూపొందినవి. ఒక వ్రేలిపై సుడి యున్నవానికి ప్రక్క వ్రేలిపైనను ఉండు సంభావ్యత హెచ్చు. అట్టి పది వ్రేళ్ళను పది స్వతంత్రసాక్ష్యములుగ నెంచి, ఏబదిమంది పిల్లలను ఐదువందల పరిశీలనలుగ చూపినపుడు, లేని భేదము సైతము గణితబలముతో నిలుచున్నట్లు భ్రమ కల్పించును. ఈ పరీక్షను దాటి నిలువజాలని వ్యాసములు ఈ రంగమున కొల్లలు.

అట్లని అంతయు త్రోసివేయదగినది గాదు. రూపముల లెక్కను విడిచి, కుడియెడమల సమతను కొలిచినవారికి మరియొక దృశ్యము గోచరించినది. మనిషి రెండు చేతులును ఒకే జన్యుసంపదతో, ఒకే గర్భమున తయారైనవి. సామాన్యముగ కుడిచేతియందు సుడులు కొంచెము హెచ్చుగ నుండు నియతభేదమును తీసివేసిన పిమ్మట మిగిలిన, దిక్కు లేని చిన్న వ్యత్యాసము పిండనిర్మాణమునందలి నిలుకడలేమికి కొలమానము. దానిని అనియతవైషమ్య మందము. 1967లో ఆడమ్స్, నిస్వాండర్ అను పరిశోధకులు, పెదవి చీలిక కుటుంబమున మరియొకరికిని ఉన్న రోగులయందు ఈ వైషమ్యము హెచ్చుగ నున్నదనియు, వంశమున ఒంటరిగ తలయెత్తిన చీలికయందు అట్లు లేదనియు ప్రకటించిరి. 1976లో వుల్ఫ్, జయానస్ అనువారు వేలిరేఖల నాధారముగ ఈ భేదమునే మరల చూపి, మరుసటి సంవత్సరము రోగుల సోదరులను, తల్లిదండ్రులను సైతము పరిశీలించిరి.

ఈ భేదమునందే నా దృష్టికి ఈ ప్రశ్నయొక్క సారమంతయు నిమిడియున్నది. ప్రతి పిండమును చిన్న చిన్న యొడుదుడుకులను సరిదిద్దుకొనుచు నిర్ణీతమార్గమున పెరుగు శక్తి గలిగియుండునని కాన్రాడ్ వాడింగ్టన్ 1942లో ప్రతిపాదించెను. కొన్ని వంశములలో ఆ శక్తి కొంచెము సన్నగిల్లి యుండవచ్చును. అట్టి పిండమునందు ముఖాంకురములు సకాలమున కలియుట తప్పవచ్చును. నెల దాటిన పిదప చేతి మెత్తలును రెండుప్రక్కల ఒకేరీతి అణగక పోవచ్చును. ఒకటి రెండవదానికి కారణము గాదు. రెండింటికిని కారణము ఒకటి. క్షణికాఘాతము ఈ రెండింటిని ముడివేయజాలదని పైన జెప్పుకొన్న కాలతర్కమునకు ఈ ఫలితము అతికినట్లున్నది. వంశానుగతమైనచోట వైషమ్యముండి, ఒంటరిగ వచ్చినచోట లేకుండుట ఆ తర్కము కోరునదే. అయితే ఈ భేదము సగటులయందు కానవచ్చునదే యనియు, రెండు సమూహముల కొలతలు చాలభాగము ఒకదానిపై నొకటి పడియుండుననియు మరువరాదు.

ఇటీవలి జన్యుపరిశోధన ఈ చిత్రమునకు క్రొత్తవెలుగు చేకూర్చినది. ఇరువదిమూడువేలకు పైబడిన జనుల వేలిముద్రలను, జన్యువులను సరిపోల్చి 2022లో ప్రకటించిన పరిశోధన 43 జన్యుస్థానములను గుర్తించినది; వానిలో ముఖ్యమైనవి చర్మమునకు సంబంధించినవి గాక, కాలుసేతుల నిర్మాణమునకు సంబంధించినవి. 2023లో ఎడిన్‌బరో శాస్త్రజ్ఞులు గట్లు వేలికొనపై మూడు తావులనుండి, అనగా మెత్త నడుమనుండియు, గోటిక్రిందనుండియు, కణుపు ముడతనుండియు అలలుగ వ్యాపించుననియు, వింట్ అను సంకేతము వానిని ప్రోత్సహింపగ బీఎంపీ అనునది అణచుననియు చూపిరి. ఈ సంకేతములే పెదవి, అంగిలి నిర్మాణమునందును పనిచేయుచున్నవి. చీలిక వైపున ఐఆర్‌ఎఫ్6 అను జన్యువు, క్రిందిపెదవిపై గుంటలతో కూడిన వాన్‌డెర్‌వుడ్ లక్షణసముదాయమునకు మూలమని 2002లో తెలిసినది. సామాన్యమైన చీలికలయందును దాని పాత్ర కలదని పిమ్మట స్థిరపడినది. రెండు మార్గములును ఒకే పనిముట్లను వాడుకొనుచున్నవని ఇప్పుడు ధైర్యముగ చెప్పవచ్చును. కాని ఒకే ఉలితో రెండు శిల్పములు చెక్కబడినవనుటవలన, ఒకదానిని చూచి రెండవదానిని ఊహింపగలమని యర్థము గాదు.

ఈ మాట గట్టిగ చెప్పవలసిన యవసరము మన సంఘమునందు మిక్కిలిగ నున్నది. సామాన్యులయందును విరివిగ కనబడు ఉచ్చో, కొన్ని డిగ్రీల కోణమో చూచి, ఈ దంపతులకు పుట్టు బిడ్డకు చీలిక వచ్చునని గాని రాదని గాని చెప్పుట శాస్త్రము గాదు. వేలిముద్రలు తీసి పిల్లల బుద్ధిబలమును నిర్ణయింతుమని సొమ్ము గ్రహించు వ్యాపారములు మన పట్టణములలో వెలసియున్న యీ కాలమున, ఈ పరిశోధనల మాటలు రేపు అట్టివారి నోట వినబడకుండునని నమ్మరాదు. గ్రహణవేళ గర్భిణి బయటికి వచ్చినదనియో, కత్తిపీట ముట్టినదనియో తల్లిని నిందించు మూఢవిశ్వాసమునే మన మింకను పూర్తిగ తుడిచివేయలేదు. దాని స్థానమున ఆమె యరచేతిని దోషిగ నిలుపు క్రొత్తవిశ్వాసమును ప్రతిష్ఠింపరాదు. మొర్రితో పుట్టిన కన్య చెల్లెలికి సంబంధము చూచువేళ చేతిరేఖలు పరికించు దినము రాకూడదు. గర్భమునందలి పెదవి చీలికను చూపగలది ఐదవ నెల స్కానింగు. కుటుంబమున పునరావృత్తిని అంచనా కట్టునది వంశచరిత్ర. శిశువును నిలబెట్టునది మూడవ నెల ప్రాంతమున పెదవికిని, ఏడాది ప్రాయమున అంగిలికిని చేయు శస్త్రచికిత్సయు, ఆ పిమ్మట మాట నేర్పు శిక్షణయు, చెవికిని పలువరుసకును వలయు సంరక్షణయు.

మరి చర్మరేఖల పరిశీలన నిష్ప్రయోజనమా? కానేకాదు. చీలికకు కారణములు పెక్కులు. వంశమున ప్రవహించునవి కొన్ని, బయటినుండి తగులునవి కొన్ని, ఈ రెండును కలిసినవి చాల. రక్తపరీక్షలతో జన్యువులను వెదకు శాస్త్రజ్ఞునికి, రోగులను సజాతీయమైన సమూహములుగ విడదీసికొనుట మొదటి కష్టము. కుటుంబచరిత్ర తోడుగ అనియతవైషమ్యమును కొలిచినచో ఆ విభజనకు ఒక యాధారము దొరకును. అందుకు కావలసిన నియమములును ఇప్పుడు స్పష్టమైనవే: చీలిక యొక్కటియే గలవారిని లక్షణసముదాయములు గలవారితో కలుపరాదు, పెదవి చీలికను, ఒంటరి అంగిలి చీలికను వేరుగ నెంచవలెను, మూడు తరముల వంశచరిత్ర వ్రాసికొనవలెను, తల్లిదండ్రుల, సోదరుల ముద్రలును తీయవలెను, అదే సంఘమున, అదే వయసున, అదే లింగమున ఆరోగ్యవంతులతో పోల్చవలెను, వ్రేలిని గాక వ్యక్తిని ప్రమాణముగ గైకొనవలెను, ఎవరి ముద్ర యెవరిదో ఎరుగని యిరువురు వేరువేరుగ చదువవలెను.

గ్రహణమొర్రి శస్త్రచికిత్సకు పేరొందిన ఆసుపత్రులు తెలుగునాట గలవు. దూరగ్రామములనుండి తల్లిదండ్రులు, తోబుట్టువులు, తాతలు సైతము బిడ్డ వెంట అచ్చటికి వచ్చుచున్నారు. రక్తనమూనా తీయు బల్లమీదనే ఒక గాజుపలక, ఒక రోలరు, ఒక సిరాగొట్టము ఉంచుటకు వ్యయము స్వల్పము. అనుమతితో, గోప్యముగ, పై నియమములను తప్పక పాటించి ఆ కుటుంబముల ముద్రలను పదేండ్లపాటు సేకరించినచో, అరువదేండ్లుగ చిన్న చిన్న సంఖ్యలతో తర్కించుచున్న యీ ప్రశ్నకు నిర్ణయాత్మకమైన సమాధానము మన ప్రాంతమునుండియే వెలువడగలదు. పూనుకొనవలసినవారు మన వైద్యకళాశాలలును, మానవశాస్త్రశాఖలును.